బయలుదేరకముందే చేరిన రైలు

మా పెదనాన్నగారు రైల్వేలో గార్డుగా పనిచేసి ఉద్యోగ విరమణ చేసినవారు కనుక, పదో తరగతి లెక్కల పుస్తకంలో రైలు కనబడితే చాలు, అది తమ పరిధిలోని విషయమేనని భావిస్తారు. మా అబ్బాయికి వచ్చిన లెక్క చాలామంది చేసి ఉన్నదే: ఏకరీతి వేగంతో 360 కిలోమీటర్లు వెళ్ళే రైలు, గంటకు మరో 5 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో నడిచి ఉంటే ఒక గంట ముందు చేరేది, అయితే దాని వేగమెంత? పెదనాన్నగారు కళ్ళజోడు సవరించుకుని, చిత్తుకాగితం మీద 360/x − 360/(x+5) = 1 అని గుండ్రంగా వ్రాశారు. అంతవరకు వంక పెట్టడానికేమీ లేదు.

చిక్కంతా హారాల దగ్గర వచ్చింది. హారంలో x కూర్చున్న భిన్నాన్ని చూస్తే ఎంతటివారికైనా దాన్ని వదిలించుకోవాలన్న తొందర పుడుతుంది. ఆయన హారాల క.సా.గు. x(x+5) అని సరిగానే చెప్పి, ఎడమవైపు రెండు భిన్నాలనూ దానితో గుణించి, కుడివైపు ఒంటరిగా ఉన్న 1ని మాత్రం, పంక్తిలో చివరి విస్తరిని మరచిన వడ్డనవాడిలా దాటిపోయారు. 360(x+5) − 360x = 1 అయింది. బ్రాకెట్లు విప్పగానే x లు రెండూ కొట్టుకుపోయి, 1800 = 1 అని మిగిలింది.

"x ఏదిరా?" అంటూ ఆయన కాగితం వెనక్కి తిప్పి చూశారు.

"తాతయ్యా, ఆ ఒకటిని కూడా గుణించాలండీ" అన్నాడు మావాడు వినయంగా.

"ఒకటితో గుణిస్తే విలువ మారదని నాకు తెలియదట్రా?"

ఒకటితో గుణించడం వేరు, ఒకటిని గుణించడం వేరు అని తేలేసరికి కాఫీ చల్లారిపోయింది. ఆ తరువాత x² + 5x − 1800 = 0 వచ్చి, 40, −45 అని రెండు మూలాలు దొరికాయి. మావాడు −45ను కొట్టివేయబోతుంటే, సరిచూడకుండా ఎలా కొట్టేస్తావని ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, ప్రతిక్షేపించారు: −8 నుంచి −9 తీసివేస్తే 1. నిక్షేపంగా సరిపోయింది! హారాన్ని సున్నా చేసే 0, −5 అయితే గుమ్మంలోనే ఆపవచ్చును గాని, ఇది అదీ కాదు. సమీకరణానికి అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా రైలుకే, ఎందుకంటే ఆ లెక్కన అది బయలుదేరడానికి 8 గంటల ముందే చేరిపోతుంది. అన్నేళ్ళ ఉద్యోగంలో ఆలస్యాలకు కారణాలు వ్రాశాను గాని ఇటువంటిదానికి ఏ గడిలో వ్రాయాలో తెలియదంటూ, చివరికి ఆయనే −45ను కొట్టివేశారు.

మిగిలిన 40తోనూ ఆయనకు పేచీయే. గంటకు 40 కిలోమీటర్లంటే పాసింజరు బండి, అది 360 కిలోమీటర్ల దూరంలో క్రాసింగుకైనా ఆగదా అని నిలదీసి, మావాడి అసలు నోటుపుస్తకంలో జవాబు క్రింద "మార్గమధ్యమున నిలుపుదలలు లెక్కలోనికి తీసుకొనబడలేదు" అని వ్రాసి, తేదీ వేసి సంతకం చేశారు, అదీ పెన్నుతో.