రాని వరదకు ఎవరు ఓటేస్తారు?

1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాద్‌ను ముంచెత్తింది. సుమారు పదిహేను వేల మంది చనిపోయారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని నగరం ఈనాటికీ చెప్పుకుంటుంది. ఆ చెట్టు కథ చాలామందికి తెలుసు. వరద తీశాక రెండు దశాబ్దాల పాటు సాగిన పని గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. పాలనలో వివేకం ఎలా ఉంటుందో, అది ఎందుకు అరుదైపోతుందో తెలియాలంటే ఆ పనిని చూడాలి.

అప్పటి పాలకుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. బాధితులను ఆదుకుని, కూలిన వంతెనలు కట్టించి ఊరుకుంటే ఆయనను తప్పుపట్టేవారు ఉండేవారు కాదు. ఆయన ప్రభుత్వం 1909లో ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. విశ్వేశ్వరయ్య నగరాన్ని మాత్రమే చూడలేదు, ఎగువకు వెళ్లారు. ఎంత వాన పడింది, రెండు వందలకు పైగా చెరువులు వరసగా ఎలా తెగాయి, నగరం మధ్య మూసీ ఎంత నీటిని మోయగలదు అని లెక్క కట్టారు. ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టి, వరదను అక్కడే పట్టి, నది భరించగలిగినంతే కిందికి వదలాలని సూచించారు. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. గండిపేట అని పిలిచే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మహబూబ్ అలీ ఖాన్ 1911లోనే మరణించారు. తన హయాంలో మొదలైన ఆలోచన గండిపేట నీళ్లుగా మారడం ఆయన చూడలేదు.

వివేకానికి ఉన్న మొదటి కష్టం ఇదే. ఖర్చు ఇవాళ కనిపిస్తుంది, ఫలితం ఎన్నటికీ కనిపించదు. కట్టిన వంతెనకు ప్రారంభోత్సవం ఉంటుంది. రాకుండా ఆగిన వరదకు శిలాఫలకం వేయరు. నిజాంకు ఎన్నికలు లేవు కాబట్టి ఆ తొందర కూడా లేదని ఎవరైనా అనవచ్చు. అది నిజమే. అయితే రాజరికం తనంతట తాను వివేకాన్ని పుట్టించదని అదే వంశపు తర్వాతి చరిత్ర చెబుతుంది. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

జంట జలాశయాల విషయంలో మనం చేసిన అసలు పొరపాటు వేరే చోట ఉంది. అవి కట్టింది ముఖ్యంగా వరదను ఆపడానికి. వాటి నీరు నగరం తాగడానికి పనికొచ్చింది, దశాబ్దాల పాటు పనికొచ్చింది. క్రమంగా అందరి మనసుల్లో అవి మంచినీటి చెరువులుగా స్థిరపడిపోయాయి. 1996 మార్చి 8న వచ్చిన జీవో 111, వాటి పరీవాహక ప్రాంతంలోని 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, భారీ నిర్మాణాలను అడ్డుకున్నప్పుడు కూడా ప్రధానంగా చెప్పిన కారణం తాగునీటి రక్షణే. ఆ పరిధిలో ఒక నూనె ఉత్పత్తుల కర్మాగారం వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1999లో జస్టిస్ ఎం. జగన్నాధరావు రాసిన తీర్పు ఈ దేశ పర్యావరణ న్యాయంలో ముఖ్యమైన వాటిలో ఒకటి. నష్టం జరుగుతుందని ఫిర్యాదుదారుడు నిరూపించే దాకా ఆగకూడదనీ, నష్టం జరగదని నిరూపించాల్సిన భారం పరిశ్రమ పెట్టదలచుకున్నవారిదేననీ ఆ తీర్పు చెప్పింది. ముందుజాగ్రత్త సూత్రాన్ని ఇంత సూటిగా వివరించిన తీర్పుకు మన గండిపేట, హిమాయత్‌సాగర్‌లే కారణం కావడం మనకు గర్వకారణం కావలసింది.

తర్వాత కృష్ణా నీళ్లు వచ్చాయి, గోదావరి నీళ్లు వచ్చాయి. నగరం తాగునీటికి జంట జలాశయాల మీద ఆధారపడడం తగ్గింది. దాంతో, ఇక ఈ ఆంక్షలు ఎందుకనే వాదన బలపడింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆంక్షలను తొలగించారు. 2023 మేలో మంత్రివర్గం జీవో 111ను పూర్తిగా రద్దు చేయాలని నిర్ణయించింది. రెండో ప్రయోజనం తగ్గిందని మొదటి ప్రయోజనాన్ని పక్కన పెట్టిన తీరు ఇది. పరీవాహక ప్రాంతం కాంక్రీటు అయితే వాన నీరు నేలలోకి ఇంకదు. గంటల్లో జలాశయంలోకి దూకుతుంది. గేట్లు త్వరగా, ఎక్కువగా ఎత్తాల్సి వస్తుంది. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీ వరద మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లోకి చేరింది, ప్రయాణికులను బయటికి తీసుకురావాల్సి వచ్చింది. 1908 నాటి ప్రశ్న ఇంకా తీరిపోలేదని చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నేను ఆ ఆంక్షలు ఉండాలనే వాదిస్తాను. అయినా 84 గ్రామాల రైతుల కోపం న్యాయమైనదని కూడా అంతే గట్టిగా చెబుతాను. రోడ్డుకు అవతల ఎకరం కోట్లు పలుకుతుంటే, ఇవతల వాళ్ల భూమి పాతికేళ్లకు పైగా కదలకుండా ఉండిపోయింది. నగరాన్ని వరద నుంచి కాపాడే భారం మొత్తం వాళ్ల మీద వేసి, ఏ ప్రభుత్వమూ వాళ్లకు అందుకు తగిన పరిహారం ఇవ్వలేదు. జాగ్రత్త వల్ల లాభపడేవారు ఒకరు, దానికి మూల్యం చెల్లించేవారు వేరొకరు అయినప్పుడు ఆ జాగ్రత్త ఎక్కువ కాలం నిలవదు. ఆ కోపాన్ని ఏదో ఒక ఎన్నికలో ఎవరో ఒకరు హామీగా మార్చుకోవడం ఖాయం. ఇక్కడ జరిగింది అదే.

మన రాజకీయ చర్చల్లో వివేకాన్ని తరచూ నెమ్మదితనంగా, మెతకదనంగా చూస్తారు. పి.వి. నరసింహారావు జీవితం ఆ అపోహను ఒకవైపు తొలగిస్తుంది, మరోవైపు హెచ్చరిస్తుంది. 1991 జూన్‌లో ఆయన ప్రధాని అయ్యేనాటికి దేశం దగ్గరున్న విదేశీ మారకం కొద్ది వారాల దిగుమతులకు మాత్రమే సరిపోతుంది. సభలో పూర్తి బలం లేదు. ఆ స్థితిలో జూలై 1న, 3న రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. దేశ బంగారాన్ని విదేశాల్లో కుదువ పెట్టారు. జూలై 24న ఒకే రోజు కొత్త పారిశ్రామిక విధానం, మన్మోహన్ సింగ్ బడ్జెట్ సభ ముందుకు వచ్చాయి. ఆలస్యం చేస్తే ఏమవుతుందో తెలిసిన మనిషి చేసిన పని అది, తెగువ లేకుండా జరిగేది కాదు. దేశం అప్పు ఎగవేయకుండా నిలబడింది. 1996 ఎన్నికల్లో ఆయన పార్టీ ఓడిపోయింది.

ఆ నాయకుడే 1992లో బాబ్రీ మసీదును కాపాడతామని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు ఇచ్చిన హామీని నమ్మి వేచి చూశారు. డిసెంబరు 6న ఆ మసీదు కూలింది. రాష్ట్ర ప్రభుత్వాన్ని ముందే రద్దు చేస్తే రాజ్యాంగపరమైన చిక్కులు ఉండేవన్న సమర్థన ఉంది, దాన్ని తేలికగా కొట్టిపారేయలేం. కానీ ఏ నష్టం తిరిగి సరిచేయగలిగేది, ఏది ఎన్నటికీ సరిచేయలేనిది అన్న తేడా ఆనాడు నిర్ణయానికి కొలమానం కావలసింది. తొందరపడి రద్దు చేసిన ప్రభుత్వాన్ని కోర్టు తిరిగి నిలబెట్టగలదు. ఆ తర్వాతి అల్లర్లలో పోయిన ప్రాణాలను ఏ కోర్టూ తేలేదు.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ విషయంలోనూ ఇదే ద్వంద్వం కనిపిస్తుంది. తండ్రి కాలంలో మొదలైన వరద రక్షణ ప్రణాళికను ఆయన ఓపికగా పూర్తి చేయించారు. 1947లో ఆ ముందుచూపు ఆయనకు లేకపోయింది. ఉన్న సంబంధాలను ప్రస్తుతానికి అలాగే కొనసాగించే యథాతథ ఒప్పందం భారత ప్రభుత్వంతో దాదాపు ఖరారైన తరుణంలో, అక్టోబరు 27న రజాకార్ల పక్షపు గుంపులు ఢిల్లీ వెళ్లాల్సిన ప్రతినిధుల ఇళ్లను చుట్టుముట్టాయి. నిజాం ఆ ఒత్తిడికి తలొగ్గి ప్రతినిధి బృందాన్నే మార్చారు. చివరికి నవంబరు 29న ఒప్పందం కుదిరింది గానీ సంస్థానంలో పగ్గాలు మితవాదుల చేతుల నుంచి జారిపోయాయి. గ్రామాల మీద రజాకార్ల దాడులు సాగాయి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం ప్రవేశించింది, ఆ తర్వాతి వారాల్లో మరో వైపు అమాయకులు కూడా బలయ్యారు. నది విషయంలో ఇంజనీరు మాట విన్న పాలకుడు, రాజ్యం విషయంలో గుంపు కేకలకు లొంగాడు.

ఈ రెండు జీవితాల నుంచి నాకు అర్థమయ్యేది ఒకటే. ఒక సందర్భంలో వివేకవంతుడైన నాయకుడు మరో సందర్భంలోనూ అలాగే ఉంటాడని నమ్మి, సమాజం తన భద్రతను ఆయన స్వభావానికి అప్పగించకూడదు. వివేకం జీవోల్లో, లెక్కల్లో, బహిరంగంగా ఉంచిన మ్యాపుల్లో, అడిగే పౌరుల్లో నిలిచి ఉండాలి. నాయకుడు మారినా, ఆయన మనసు మారినా అది మిగలాలి.

మరి అడిగే పౌరులం మనం ఎలా ఉన్నాం? 2000 ఆగస్టు 24న నగరంలో ఒక్క రోజే సుమారు 24 సెంటీమీటర్ల వాన పడి కాలనీలు మునిగాయి. ప్రభుత్వం కిర్లోస్కర్ సంస్థతో అధ్యయనం చేయించింది. 2003లో నివేదిక వచ్చింది, నాలాలు వెడల్పు చేయాలనీ ఆక్రమణలు తొలగించాలనీ చెప్పింది. 2020 అక్టోబరు నాటికి ఆ పనిలో చాలా భాగం కాగితం మీదే ఉంది. ఆ నెల 13న వచ్చిన వానకు పాతబస్తీ, ఎల్బీనగర్ వైపు ఎన్నో కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మధ్యలో పదిహేడేళ్లు, పలు ప్రభుత్వాలు, పలు పార్టీలు గడిచాయి. నాలా వెడల్పు అంశంగా ఒక్క ఎన్నికైనా జరిగిందా?

వరద తర్వాత కొద్ది వారాలకే జీహెచ్‌ఎంసీ ఎన్నికలు వచ్చాయి. ఇంటికి పదివేల రూపాయల సాయం పంపిణీ చర్చకు కేంద్రమైంది. మీసేవ కేంద్రాల ముందు బారులు తీరారు, నవంబరు 18న రాష్ట్ర ఎన్నికల సంఘం పంపిణీని ఆపించింది, దాని మీద పార్టీలు ఒకదాన్నొకటి నిందించుకున్నాయి. బియ్యం, పరుపులు, పిల్లల పుస్తకాలు తడిసిపోయిన ఇంటికి ఆ పదివేలు అత్యవసరం, దాన్ని నేను తక్కువ చేయను. అయితే ప్రచారమంతా మతం, పదివేలు, ఢిల్లీ నుంచి వచ్చిన నాయకుల రోడ్ షోల చుట్టూ తిరిగింది. డిసెంబరు 1న ఓటేసినవారు సగం కంటే తక్కువ, దాదాపు 46 శాతం. ఇళ్లు మునిగిన నెలన్నరకే నగరంలో సగానికి పైగా ఓటర్లు బయటికి రాలేదంటే, రాబోయే వానాకాలం గురించి ఆలోచించిన నాయకుడికి ఏం ప్రోత్సాహం ఉంటుంది?

మన వంతు తప్పు అంతటితో ఆగదు. చెరువు శిఖం భూమి, అంటే నీరు నిలిచే నేల అని తెలిసీ తక్కువ ధరకు వస్తోందని ప్లాటు కొంటాం. ఎప్పటికైనా క్రమబద్ధీకరణ పథకం రాకపోతుందా అన్న ధీమా. ఆ ధీమాకు ప్రభుత్వాలే పునాది వేశాయి. ఉల్లంఘనలను రుసుము కట్టించుకుని మన్నించే పథకాలు ఏ పార్టీ ఉన్నా వస్తూనే ఉన్నాయి. నిబంధన పాటించినవాడు అమాయకుడిగా మిగిలిపోతున్నాడు.

2024 జూలైలో చెరువులను, ప్రభుత్వ భూములను ఆక్రమణల నుంచి కాపాడే సంస్థగా హైడ్రా ఏర్పడి కూల్చివేతలు మొదలుపెట్టినప్పుడు చాలామంది చప్పట్లు కొట్టారు. చెరువులను కాపాడాలన్న సంకల్పం నాకూ ఇష్టమే. కానీ రిజిస్ట్రేషన్ చేసినదీ, కరెంటు మీటరు బిగించినదీ, ఇంటి పన్ను వసూలు చేసినదీ ప్రభుత్వ శాఖలే. బ్యాంకు అప్పుతో కొన్న ఇంటిని ఆదివారం పొద్దున యంత్రాలతో పడగొడితే, ఇరవయ్యేళ్ల క్రితం ఒక అధికారి చేయాల్సిన సంతకానికి బదులు ఒక కుటుంబం రోడ్డున పడుతుంది. సెలవు రోజుల్లో, గడువు ఇవ్వకుండా కూల్చడాన్ని ఆ ఏడాది సెప్టెంబరులో హైకోర్టు గట్టిగా ప్రశ్నించింది. ఆలస్యంగా వచ్చిన కాఠిన్యం ముందుచూపుకు ప్రత్యామ్నాయం కాలేదు. ప్రతి చెరువుకూ పూర్తి నీటిమట్టం హద్దులు తేల్చి, తుది నోటిఫికేషన్ ఇచ్చి, ఆ సర్వే నంబర్లలో రిజిస్ట్రేషన్‌ను ముందే నిలిపివేయడం చప్పట్లు తెచ్చే పని కాదు. దానికి ఒక బుల్డోజరు కూడా అక్కర్లేదు.

రాజ్యాంగ 74వ సవరణ మూడు లక్షలు లేదా అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని చెప్పింది. మన కాలనీ సంఘాలకు సీసీ కెమెరాలు, పార్కు గేట్ల మీద ఉన్న శ్రద్ధ ఆ కమిటీల మీద లేదు. తర్వాతి కార్పొరేటర్ అభ్యర్థి గుమ్మంలోకి వచ్చినప్పుడు ఈ వార్డు నాలా ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ ఇరుకైందో మ్యాపు మీద చూపించమని అడగాలి. శాసనసభ అభ్యర్థిని అడగాల్సింది వేరు. జంట జలాశయాల పరీవాహక ప్రాంతం ఖాళీగా ఉండాలంటే 84 గ్రామాల రైతులకు ఏటా ఎంత చెల్లించాలి, ఆ డబ్బు నగరవాసుల నీటి బిల్లు నుంచా, కొత్త భవనాల అనుమతి రుసుముల నుంచా? జీవో రద్దు చేస్తామన్న ప్రభుత్వం ఈ లెక్క వేయలేదు. జీవో ఉండాలని వాదించే నాలాంటి నగరవాసులు ఆ బిల్లులో తమ వాటా ఎంతో ఇంతవరకు చెప్పలేదు.