వెనకాల నంబరు

మా నాన్న లెక్కలో సినిమా అంటే రెండున్నర గంటలు ఉండాలి. ముప్పావు గంటలో అయిపోయేదాన్ని ఆయన ట్రైలర్ అంటారు. అందుకని మొన్న ఆదివారం భోజనాలయ్యాక నేను ‘లె ఫ్రాంక్’ పెడితే, కునుకుకి సరిగ్గా సరిపోతుందని పడక్కుర్చీలో వెనక్కి వాలారు. అది ఆఫ్రికాలోని సెనెగల్ దేశపు సినిమా. 1994 నాటిది, దర్శకుడు జిబ్రిల్ జోప్ మాంబెటి. మాటలు అక్కడి వొలోఫ్ భాషలోనూ ఫ్రెంచిలోనూ ఉంటాయి, కింద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. అవి చదివి వినిపించే ఉద్యోగం నాది.

హీరో పేరు మారిగో. పొడుగ్గా, బక్కగా, గాలొస్తే ఎటు పోతాడో అన్నట్టుంటాడు. ఉండేది డకార్ నగరంలో ఓ పేదల బస్తీ. వాడి ఆస్తి మొత్తం ఒక్క వాయిద్యం, కొంగోమా. చెక్కపెట్టెకి ఇనప నాలుకలు బిగించి వేళ్ళతో మీటుతారు. పెద్ద సంగీతకారుడు అయిపోదామని వాడి కల. అద్దె కట్టలేదని ఇంటావిడ ఆ పెట్టె పట్టుకుపోయింది. అంతటితో ఊరుకోకుండా దండకం అందుకుంది. ఆ తిట్లు నేను చదివి వినిపించలేదు, అవసరం పడలేదు. నాన్న కళ్ళు తెరవకుండానే, “ఎన్ని నెలలు బాకీట?” అన్నారు.

సినిమా పేరుకి ఓ కథ ఉంది. 1994 జనవరిలో, ఆ డకార్‌లోనే పెద్దలంతా సమావేశమై, అక్కడ చెల్లే సి.ఎఫ్.ఎ. ఫ్రాంకు విలువని సగానికి దించేశారు. అంతకుముందు 50 ఇస్తే ఒక ఫ్రెంచి ఫ్రాంకు వచ్చేది, తెల్లారేసరికి 100 ఇవ్వాలి. ఎగుమతులు చేసుకునేవాళ్ళకి మేలని చెప్పారు. బియ్యం బయటి నుంచి తెప్పించుకు తినే దేశంలో, తినేవాళ్ళని మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. ఇదంతా చెబితే నాన్న, “మన రూపాయికి 91 జులైలో చేసినట్టా?” అన్నారు. మనవాళ్ళు రెండు విడతలు కలిపినా ఇరవై శాతం లోపే దించారన్నాను. “అయితే మనవాళ్ళు దయగలవాళ్ళే” అని మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

రూపాయి పడిపోతే మనిషి లేచే దారి ఒకటే, లాటరీ. మారిగో ఒక టిక్కెట్టు కొంటాడు. కొన్నవాడు జేబులో పెట్టుకోవచ్చుగా! పేదవాడి జేబు మీద పేదవాడికే నమ్మకం ఉండదు. గదికొచ్చి టిక్కెట్టుని తలుపుకి అంటించి, కనబడకుండా దానిమీద ఓ పోస్టరు అంటిస్తాడు. పోస్టర్లో యాడికూన్ బొమ్మ. ఉన్నవాళ్ళని దోచి లేనివాళ్ళకి పెట్టాడని అక్కడి జనం చెప్పుకునే గజదొంగ. దొంగల భయానికి దొంగనే కాపలా పెట్టడం నాకు బాగా నచ్చింది.

నాన్న లేచి కూర్చున్నారు.

“దేంతో అంటించాడు?”

“జిగురే నాన్నా.”

“ఏం జిగురు? మైదా అయితే తడిపితే ఊడుతుంది. నీళ్ళకి ఊడని రకం అయితే వాడి పని అయినట్టే.”

వంటింట్లోంచి అమ్మ, “ఆ విషయంలో మాత్రం ఆయన మాట నమ్మొచ్చురా” అంది.

అమ్మ ఎందుకలా అందో చెప్పాలి. నా చిన్నప్పుడు మా ఇంటికి నలుపు తెలుపు టీవీ వచ్చింది. ఏడాది వారంటీ. ఆ కార్డు పోతుందేమోనని నాన్నకి బెంగ. మైదాపిండి ఉడకబెట్టి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, సినిమా పోస్టర్లవాడు వాడే సరుకే తయారుచేసి, కార్డుని గోడబీరువా తలుపుకి లోపలివైపు అంటించేశారు. అరచేత్తో నాలుగువైపులా రుద్ది, “ఇంక దీన్ని బ్రహ్మదేవుడు కూడా పారెయ్యలేడు” అన్నారు. పదో నెలలో టీవీలో బొమ్మ పోయింది, చుక్కలు మిగిలాయి. కొట్టుకి వెళ్తే, కార్డు వెనకాల మా స్టాంపూ తేదీ ఉంటాయి, పట్రండి అన్నాడాయన.

వెనకాల!

ముందు తడిగుడ్డ పెట్టారు. తర్వాత ఇడ్లీ గిన్నె మూత తీసి ఆవిరి పట్టించారు. కార్డు ఉల్లిపొరల్లా ఒక్కొక్క పొరే లేచొచ్చింది. ఆఖరి పొరా వచ్చాక చూస్తే దానిమీద స్టాంపు లేదు. తలుపుకే అచ్చయి ఉంది, ఊదారంగులో, శుభ్రంగా, తిరగేసి. మా ఇంట్లో ఎవరికీ తిరగేసిన అక్షరాలు చదవడం రాదు. నాన్న కాసేపు దానికేసి చూసి, స్క్రూడ్రైవర్ తెమ్మన్నారు.

తలుపు ఊడదీసి రిక్షా ఎక్కించాం. నాన్న పక్కన కూర్చుని దాన్ని పట్టుకున్నారు. నేను ఆయన గడ్డం గీసుకునే అద్దం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రిక్షా అబ్బి, “ఎక్కడ బిగించాలండీ ఇది?” అని అడిగాడు. దారిలో మా లెక్కల మాస్టారు సైకిల్ దిగి, “ఇల్లు మారుతున్నారా?” అన్నారు. ఒక్క తలుపుతో ఎవరు ఇల్లు మారతారు? కొట్టులో నాన్న తలుపు నిలబెట్టారు, నేను అద్దం పట్టాను, కొట్టాయన కళ్ళజోడు సర్దుకుని అద్దంలో తేదీ చదివాడు. నవ్వు ఆపుకోలేక మాకు టీ తెప్పించి, మెకానిక్‌ని వెంట పంపాడు. మెకానిక్ టీవీ ముట్టుకోలేదు. డాబా ఎక్కి, కోతి వంచేసిన యాంటెన్నా సరిచేసి దిగొచ్చాడు. అంతే. ఆ తలుపు మాత్రం మళ్ళీ బిగించాక ఇప్పటికీ సరిగ్గా పడదు, మడత పెట్టిన కాగితం దోపాలి.

అందుచేత, మారిగో నంబరుకి పెద్ద బహుమతి తగిలి, టిక్కెట్టు ఊడక, వాడు తలుపుకి తలుపే పెకలించి మోసుకు బయల్దేరినప్పుడు మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. డకార్ నగరమంతా వాడు ఆ తలుపు మోసుకుంటూనే దాటాల్సొచ్చింది. “ఒక్కడే మోస్తున్నాడు పాపం” అన్నారు నాన్న. అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి సోఫా అంచున కూర్చుంది.

మొత్తానికి లాటరీ ఆఫీసు చేరాడు. అక్కడివాళ్ళు నంబరు చూశారు, సరిపోయింది. కానీ సరిచూసుకోవాల్సిన ఇంకో నంబరు టిక్కెట్టు వెనకాల ఉంటుంది, ఊడదీసి తెమ్మన్నారు. నేను ఆ వాక్యం చదివి పక్కకి చూశాను. నాన్న అమ్మ వైపు చూస్తున్నారు. అమ్మ గోడబీరువా వైపు చూస్తోంది.

“ఆవిరి పట్టించమను” అన్నారు నాన్న, టీవీతో.

వాడు ఆవిరి జోలికి పోలేదు. తలుపెత్తుకుని సముద్రానికి పోయాడు. మూడువైపులా నీళ్ళున్న ఊరాయె, తడపడానికి కరువా. అల వచ్చింది, ఇంకో అల వచ్చింది, తలుపూ పోయింది, టిక్కెట్టూ పోయింది. అమ్మ “అయ్యో” అని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నాన్న మాత్రం, “ఊడింది కదా, మైదానే అన్నమాట” అన్నారు.

ఆ తర్వాత తెలుస్తుంది, టిక్కెట్టు ఎక్కడికీ పోలేదని. వచ్చి వాడి నుదుటికే అతుక్కుంది, పెళ్ళికొడుక్కి కట్టిన బాసికంలా. ఇంక చూడాలి వాడి ఆనందం, సముద్రం హోరుని మించిన నవ్వు. అమ్మ కూడా నవ్వేసింది. నేను రిమోట్ అందుకోబోయాను.

“ఆగు, ఆపకు. కాస్త వెనక్కి తిప్పు” అన్నారు నాన్న, కళ్ళజోడు వెతుక్కుంటూ. “ఏ వైపు నుదుటికి అంటుకుందో సరిగ్గా చూడనీ.”