జోయిలస్ చేసిన నేరమేమిటి?

విమర్శకుడి నోరు మూయించడానికి సాహిత్యలోకంలో పాతకాలం నుంచీ ఒక కథ తిరుగుతోంది. గ్రీసులో జోయిలస్ అనేవాడు ఉండేవాడు. సొంతంగా ఏమీ రాయడం చేతకాక, అసూయతో గ్రీకు మహాకవి హోమర్ మీద పడ్డాడట. చివరికి ఈజిప్టు రాజు టాలెమీ ఫిలడెల్ఫస్ శిలువ వేయించాడట. అందుకే కఠినంగా మాట్లాడే విమర్శకులందరికీ ఆ పేరట. ఈ ‘అట’ల్లో నిలబడేది ఒక్కటీ లేదు, చివరిది సగం తప్ప.

ముందు చావు సంగతి చూద్దాం. రాజుగారి కథ చెప్పినవాడు రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్. కానీ ఆయనే మూడు చావులు చెప్పాడు. శిలువ వేశారని కొందరు, కియోస్ దీవిలో రాళ్లతో కొట్టారని కొందరు, స్మిర్నాలో బతికుండగానే చితిలో పడేశారని ఇంకొందరు అంటారట. బైజాంటియం నిఘంటువు ‘సూడా’ నాలుగోది కలిపింది: ఒలింపియా దగ్గర జనం తరిమి, స్కిరోన్ కొండల మీంచి తోసేశారని. ఒలింపియా పెలొపొనీస్‌కు పడమటి వైపు, ఆ కొండలు తూర్పున మెగారా దగ్గర. అంతదూరం తరిమారంటే జనానికి ఓపికే! పైగా జోయిలస్ క్రీ.పూ. 4వ శతాబ్దం మనిషి, ఫిలడెల్ఫస్ గద్దెనెక్కింది క్రీ.పూ. 285 ప్రాంతంలో; అప్పటికి ఇతను బతికున్నాడన్నదే అనుమానం. ‘చచ్చి వెయ్యేళ్లయిన హోమర్ వేలమందికి కూడు పెడుతున్నాడు, అంతకన్నా గొప్పవాడివి నీ పొట్ట నువ్వు పోసుకోలేవా’ అని రాజు అన్నట్టు చెప్పే మాట పసందుగా ఉంది. కథ బతికింది ఆ మాట వల్లే అని నా అనుమానం.

సొంతంగా రాయలేదన్నదీ తప్పే. దేవతల పుట్టుక నుంచి మాసిడోనియా రాజు ఫిలిప్ మరణం దాకా చరిత్ర రాశాడని అదే సూడా చెబుతోంది. అలంకారానికి అతనిచ్చిన నిర్వచనాన్ని రోమన్ అలంకారశాస్త్ర గురువు క్వింటిలియన్ ప్రస్తావించాడు.

ఇక అసూయ. అసలు అతను అన్నదేమిటి? హోమర్ కావ్యం ఇలియడ్‌లో వీరుడు డయోమెడిస్ తలమీంచి, భుజాలమీంచి ఎథీనా దేవత మంటలు లేపుతుంది. ‘వీరుడు కాలిపోడా?’ అన్నాడు జోయిలస్. చనిపోయిన వీరుడు పెట్రోక్లస్ ఆత్మ పొగలా భూమి కిందికి పోయిందంటే, ‘పొగ పైకి కదా పోతుంది’ అన్నాడు. అపోలో దేవుడి కోపం మనుషుల మీదైతే ముందు కంచరగాడిదలూ కుక్కలూ ఎందుకు చావాలని అడిగాడు. హోమర్ మరో కావ్యం ఆడిసీలో పందులైపోయిన నావికులను ‘ఏడ్చే పందిపిల్లలు’ అన్నాడు. కోడిగుడ్డు మీద ఈకలు పీకడమే, కాదనను. సినిమా నుంచి బయటికొస్తూ ‘లాజిక్ ఏదిరా’ అనే కుర్రాడు అడిగేవీ ఇవే. కానీ ఇలాంటి ప్రశ్నలు ఆ రోజుల్లో మామూలు. వాటికి ఎలా జవాబు చెప్పాలో అరిస్టాటిల్ తన కావ్యశాస్త్ర గ్రంథం పొయెటిక్స్‌లో ఒక అధ్యాయమే రాశాడు. ప్లేటోను అసూయతో కాక సత్యం కోసం విమర్శించినవాళ్ల పేర్లు చెబుతూ గ్రీకు విమర్శకుడు, హాలికార్నసస్ ఊరి డయోనిసియస్ అందులో జోయిలస్‌నూ చేర్చాడు. అతని రాతలు దాదాపు అన్నీ పోయాయి. మనకు మిగిలిన ముక్కలు ఎక్కువగా అతన్ని ఖండించినవాళ్లు ఎత్తి చూపినవే, అంటే వాళ్లకు పనికొచ్చినవే.

పేరు సంగతి మాత్రం సగం నిజం. జోయిలస్ అనే పేరు హోమర్ మీద అసూయ వల్లే వచ్చిందని రోమన్ కవి ఓవిడ్ ఎత్తిపొడిచాడు. స్పానిష్, రష్యన్ భాషల్లో ఆ పేరు నిందగా స్థిరపడింది. కానీ ఆ నింద కాఠిన్యానికి కాదు, కుళ్లుబోతుతనానికి. కఠినుడైనా న్యాయంగా తూచే విమర్శకుడికి యూరప్‌లో వేరే పేరుంది: అరిస్టార్కస్. క్రీ.పూ. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని నడిపిన ఈయన, హోమర్ పద్యాల్లో తనకు అనుమానం కలిగిన పంక్తుల పక్కన గీత పెట్టి, ఇవి హోమర్‌వి కావన్నాడు. మంచి విమర్శకుడు మిత్రుడి కవిత్వంలో తప్పులు దిద్దుతూ అరిస్టార్కస్ అవుతాడని మరో రోమన్ కవి హొరేస్ మెచ్చుకున్నాడు. కాబట్టి మీ పుస్తకంలో తప్పు చూపించినవాణ్ణి జోయిలస్ అనాలంటే, ఆ తప్పు అక్కడ లేదని ముందు మీరు చూపించాలి.