సోమవారం ఆఫీసుకెళ్ళే బిషప్ గారు

మొన్న మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేసి, మా సంఘం బిషప్ గారి గురించి "ఉద్యోగం చేసుకునేవాడు బిషపేంట్రా, అదేం సంఘంరా" అన్నాడు. అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. రాత్రంతా అదే తొలిచింది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

మా అమ్మది ఒంగోలు, బాప్టిస్టు. నాన్నది గుంటూరు, లూథరన్. నీళ్ళు చిలకరించి ఇచ్చే బాప్తిస్మం చెల్లదని అమ్మవాళ్ళు, ఒకసారి ఇచ్చాక మళ్ళీ నీళ్ళలో ముంచడం ఏమిటని నాన్నవాళ్ళు. ఆ పంచాయితీతో పెళ్ళి ఏడాది ఆగింది. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొర గుంటూరులో దిగాడు కాబట్టి నాన్నవాళ్ళు లూథరన్లు. 1878 జూలై 3న బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర మిషన్‌లో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు కాబట్టి అమ్మవాళ్ళు బాప్టిస్టులు. ఈ ప్రాంతం మీది, ఆ ప్రాంతం మాది అని మిషన్లు పంచుకున్నాయి. ఆ పంపకాన్నే మనం విశ్వాసం అనుకుని సంబంధాలు చెడగొట్టుకున్నాం.

చెన్నై వచ్చాక పెరంబూరులో మా పక్క పోర్షన్‌లో నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ అమ్మాయి ఉండేది. అమ్మకి జ్వరమొస్తే జావ కాచి ఇచ్చింది ఆ పిల్లే. అమ్మ ఒక ఆదివారం తనని వెంటబెట్టుకుని మేం వెళ్ళే గుడికి తీసుకెళ్ళింది. ఆరాధన అయ్యాక మెట్ల మీద కమిటీ పెద్ద ఒకాయన అమ్మని పక్కకి పిలిచి, "అక్కా, వచ్చే వారం మీరొక్కరే రండి" అన్నాడు. ఆ పిల్ల రెండు మెట్ల కింద అమ్మ చెప్పులు పట్టుకుని నిలబడి ఉంది. అంతా వింది. అమ్మ మళ్ళీ ఆ గుడి మెట్లెక్కలేదు.

తర్వాత ఎవరో చెబితే ఈ బిషప్ అయ్యగారి దగ్గరికి వెళ్ళాం. ఆయనా పెద్ద సంఘంలో పదిహేనేళ్ళు పాస్టరుగా చేసినవారే. బల్ల, అంటే ఆరాధనలో పంచే ప్రభువు రొట్టె, ద్రాక్షరసం, ఎవరికి ఇవ్వకూడదో పేర్లు రాసి కమిటీ ఆయన చేతిలో పెట్టిందట. ఆ కాగితం తిరిగి ఇచ్చేశారు. ఆ తర్వాత ట్రాన్స్‌ఫర్లు, సంజాయిషీలు, చివరికి రాజీనామా. పాస్టరు క్వార్టర్స్ ఖాళీ చేసి, నలభై నాలుగేళ్ళ వయసులో ట్యాలీ నేర్చుకుని, ప్యారిస్ కార్నర్ దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో చేరారు. కొన్నేళ్ళకి ఒక చిన్న స్వతంత్ర సంఘం బిషప్పులు ముగ్గురు ఆయన తలమీద చేతులుంచి బిషప్‌గా అభిషేకించారు. సోమవారం పొద్దున్నే మళ్ళీ ఆఫీసుకి వెళ్ళారు.

బైబిల్లో అపొస్తలుడు పౌలు ఏం చేశాడు? కొరింథులో అకుల, ప్రిస్కిల్లల ఇంట్లో ఉండి డేరాలు కుట్టాడు. అది ప్రసంగాల్లో ఎంత బాగా చెబుతామో! జీతం కమిటీ చేతిలో లేదు కాబట్టే ఈయన కమిటీకి భయపడక్కర్లేదు. హాలు అద్దెలో సగం ఈయన జీతంలోంచే పోతుంది, అది నాకు బాధే.

ఇక "అసలు బిషపేనా" అనేవాళ్ళకి. కథీడ్రల్ రోడ్డులో ఉన్న సెయింట్ జార్జ్ కథీడ్రల్ చూశారు కదా. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) పుట్టింది అక్కడే. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే ఒకటైన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ వాళ్ళు కలిశారు. బిషప్ చేతులుంచని పాస్టర్లని కూడా మళ్ళీ అభిషేకం అడక్కుండా అలాగే కలుపుకున్నారు. ఆ కలయిక కోసం 1919 తరంగంబాడి సమావేశం నుంచి పాటుపడ్డవారు మన దోర్నకల్ బిషప్ అజరయ్య గారు. తమిళుడై పుట్టి తెలుగు పల్లెల్లో తిరిగిన మనిషి. 1945 జనవరి 1న పోయారు, సంఘాలు కలిసిన రోజు చూడలేదు. మా అమ్మవాళ్ళ మిషనూ నాన్నవాళ్ళ మిషనూ రెండూ అందులో చేరలేదు, అది వేరే బాధ. ఆ సంఘంలోనే ఒక స్త్రీ, పుష్పలలిత గారు, నంద్యాల బిషప్ కావడానికి 2013 దాకా పట్టింది. అప్పుడూ "ఇదెక్కడి బిషప్" అన్నవాళ్ళని నేను విన్నాను.

"పురుషుడని స్త్రీ అని లేదు" అని పౌలు గలతీ వాళ్ళకి రాసిన పత్రికలో చదివి, అదే నోటితో "మీరొక్కరే రండి" అంటే నాకు కడుపు మండుతుంది.

అయ్యగారి దగ్గరికి వెళ్ళిన ఆ మొదటి ఆదివారం సాయంత్రం, రొట్టె తీసుకునే వరసలో అమ్మ వెనక ఆ పిల్ల నిలబడింది. చేతులు వణుకుతున్నాయి. ముందుకి చాపాలా వద్దా అని తేల్చుకోలేక చున్నీ కింద దాచుకుంది. అయ్యగారు తొందరపెట్టలేదు. రొట్టె పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఆయన బొటనవేలికి స్టాంప్ ప్యాడ్ నీలం సిరా ఇంకా పోలేదు. ఎంతసేపు నిలబడ్డారో, వెనకాల ఒక్కరూ దగ్గలేదు. చివరికి తను దోసిలి పట్టింది. "నీ కొరకు విరవబడిన శరీరం, తల్లీ" అన్నారు.

అన్నయ్యా, ఇది నీకే రాశాను. ఈసారి చెన్నై వచ్చినప్పుడు ఆదివారం దాకా ఉండు. ఆరాధన సాయంత్రం ఆరింటికి. అమ్మ నీ పక్కనే కూర్చుంటానంది.