మోగ్లీ పుస్తకం తీసెయ్యొద్దండి

మొన్న ఇక్కడ పరాయి దేశంలో మన తెలుగు అసోసియేషన్‌లో పిల్లల పుస్తకాల షెల్ఫ్ సర్దుతుంటే ఒకావిడ జంగిల్ బుక్ పక్కకి తీసి, "ఇది రాసినాయన మనల్ని చిన్నచూపు చూసినవాడు కదండీ, మన పిల్లలకెందుకు?" అన్నారు. ఆవిడ మాటలో తప్పేం లేదు. కానీ ఆ పుస్తకం అక్కడే ఉండాలని నా అభిప్రాయం.

జంగిల్ బుక్ రాసిన కిప్లింగ్ 1865లో బొంబాయిలో పుట్టాడు, వాళ్ళ నాన్న జేజే ఆర్ట్ స్కూల్లో పాఠాలు చెప్పేవాడు. ఇంట్లో ఆయా, ఇంకో పనాయన కూర్చోబెట్టి కథలు చెప్పేవాళ్ళు, తర్వాత బట్టలు మార్చి భోజనాల గదిలోకి పంపుతూ "అమ్మానాన్నలతో ఇంగ్లీషులో మాట్లాడు బాబూ" అని గుర్తుచేసేవాళ్ళట. ఆలోచనలూ కలలూ అన్నీ మన దేశపు భాషలోనే వచ్చేవి, తడుముకుంటూ ఇంగ్లీషులోకి మార్చుకునేవాణ్ణి అని ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. ఇది చదివినప్పుడు నాకు మా ఇల్లే గుర్తొచ్చింది, అమ్మమ్మ వీడియో కాల్‌లో ఉంటే మేం వెనక నిలబడి "తెలుగులో చెప్పు నాన్నా" అని అందిస్తాం, వాడు ఇంగ్లీషులో అనుకుని ఒక్కో తెలుగు మాటా వెతుక్కుంటాడు.

ఆరేళ్ళు నిండకముందే ఆ పిల్లాణ్ణి, చెల్లెల్ని ఇంగ్లండులో ముక్కూమొహం తెలియనివాళ్ళింట్లో వదిలేసి అమ్మానాన్నలు ఇండియాకి వెనక్కొచ్చేశారు. అక్కడ చాలా కష్టాలు పడ్డాడు. 1882లో మళ్ళీ వచ్చి, అప్పట్లో ఇండియాలోనే ఉన్న లాహోర్‌లో పేపర్లో చేరాడు.

అలాంటి మనిషే 1899లో 'తెల్లవాడి భారం' అని పద్యం రాసి, ఫిలిప్పీన్స్‌ని ఏలుకోమని అమెరికావాళ్ళకి చెప్తూ, అక్కడి జనాన్ని సగం దెయ్యాలు సగం పసిపిల్లలు అన్నాడు. ఎవరి ఒళ్ళో పెరిగాడో, ఎవరి భాషలో కలలు కన్నాడో మర్చిపోయాడా అని కోపం వస్తుంది నాకు, 1907లో నోబెల్ వచ్చినా సరే ఆ మాట మాటే. పిల్లలు కాస్త పెద్దయ్యాక ఆ పద్యం కూడా మనమే చదివించాలి, పక్కన కూర్చుని.

కానీ జంగిల్ బుక్ ఎక్కడ రాశాడో తెలుసా, అమెరికాలో, వెర్మాంట్‌లో. మొదటి చలికాలం కిటికీ గుమ్మం దాకా మంచు పేరుకుపోయిన చిన్న ఇంట్లో కూర్చుని, మధ్యప్రదేశ్‌లోని సియోనీ అడవిలో ఎండలూ, భాలూ, హాథీ, షేర్‌ఖాన్ అని ఆ పాత పేర్లన్నీ తలుచుకుంటూ రాయడం మొదలుపెట్టాడు. డ్రైవ్‌వేలో మంచు తోసుకుంటూ ఊళ్ళో మామిడితోట గుర్తొచ్చే మనకి ఆ బెంగ వేరేవాళ్ళు చెప్పక్కర్లేదు.

ఇంకోటి, మోగ్లీ కథలో నది పేరు వైన్‌గంగ. నిజంగానే సియోనీ దగ్గర పుట్టి, వార్ధాతో కలిసి ప్రాణహిత అయి, కాళేశ్వరం దగ్గర మన గోదావరిలో కలుస్తుంది. మావాడికి మ్యాప్‌లో చూపిస్తే వేలుతో ఆ నీలం గీత పట్టుకుని రాజమండ్రి దాకా వచ్చి, "అమ్మమ్మ వాళ్ళ నదిలోకేనా ఈ నీళ్ళు?" అన్నాడు, తెలుగులోనే.