ఓడ ఆలస్యమైతే బిల్లు ఎవరికి?

భీమవరం పరిసరాల చెరువుల్లో పట్టుబడి చేసిన రొయ్య ప్లాంటుకు చేరి, శుభ్రమై, గడ్డకట్టి, మైనస్ 18 డిగ్రీల రీఫర్ (శీతల) కంటైనర్‌లోకి ఎక్కుతుంది. లారీ మీద విశాఖ చేరి, చెప్పిన గడువులోపే టెర్మినల్ గేటు దాటుతుంది. ఎగుమతిదారు చేయాల్సిన పని అక్కడికి అయిపోయినట్టే. కానీ ఓడ రాదు. కొలంబోలో రద్దీ అంటారు. వాతావరణం బాగోలేదంటారు. ఒక్కోసారి ఈ రేవులో ఆగకుండానే వెళ్లిపోయింది, వచ్చే వారం ఓడలో ఎక్కిస్తామంటారు. ఈలోగా ఆ పెట్టెకు రాత్రీపగలూ కరెంటు ఉండాలి, లేదంటే లోపలి సరుకు పనికిరాకుండా పోతుంది. కరెంటుకు ప్లగ్-ఇన్ ఛార్జీ, ఉచిత రోజులు దాటి యార్డులో నిలబడినందుకు గ్రౌండ్ రెంట్, కంటైనర్ తిరిగి చేతికి రానందుకు షిప్పింగ్ లైన్ వేసే డిటెన్షన్. చాలాసార్లు ఇవన్నీ చివరికి ఎగుమతిదారు ఖాతాలోనే పడుతున్నాయి. ఓడ ఆలస్యంలో ఆయన తప్పు పిసరంత కూడా లేదు.

రేవు దగ్గర కట్టే ఇలాంటి ఖర్చులన్నిటినీ కలిపి వ్యాపారంలో ‘లోకల్ ఛార్జీలు’ అంటారు. సముద్రం మీద రవాణాకు ఇచ్చే ఫ్రైట్ వేరు, ఇవి వేరు. వీటిలో పెద్దది టెర్మినల్ హ్యాండ్లింగ్ ఛార్జీ, అంటే టీహెచ్‌సీ. గేటు దగ్గర దించుకున్న కంటైనర్‌ను యార్డులో పేర్చి, క్రేన్‌తో ఓడెక్కించే పనికి ఇది. పని కళ్లకు కనిపిస్తుంది కాబట్టి దీన్ని ఎవరూ కాదనరు. దాని వెనక వచ్చే చిన్న చిన్న పద్దుల వరసే మమ్మల్ని కలవరపెడుతోంది. డాక్యుమెంటేషన్ ఫీజు, సీల్ ఛార్జీ, ఖాళీ కంటైనర్‌ను యార్డులో లారీ మీదకు ఎత్తినందుకు లిఫ్ట్ ఛార్జీ, సరుకు పత్రమైన బిల్ ఆఫ్ లేడింగ్ (బీఎల్)లో ఒక్క అక్షరం దిద్దినా అమెండ్‌మెంట్ ఫీజు, ఒరిజినల్ బీఎల్ అవసరం లేకుండా సరుకు విడుదల చేయమంటే సరెండర్ ఫీజు. వీటన్నిటి మీదా జీఎస్టీ. ఎగుమతిదారుకు ఆ పన్ను తిరిగి వస్తుందన్న మాట నిజమే కానీ, వచ్చేదాకా ఆ డబ్బు చేతిలో ఉండదు. అప్పు తెచ్చి వ్యాపారం చేసే చిన్న సంస్థకు అది కూడా ఖర్చే.

వీజీఎం, అంటే ధ్రువీకరించిన మొత్తం బరువు సంగతి చూడండి. నింపిన కంటైనర్ బరువును సరిచూసి, ధ్రువీకరించి చెప్పనిదే ఓడెక్కించకూడదన్న అంతర్జాతీయ నిబంధన 2016 జూలై 1 నుంచి అమల్లో ఉంది. మంచి నిబంధన. తప్పుడు బరువు రాసిన పెట్టెలు ఓడ మీద పేర్చిన వరసల్నే కూల్చేశాయి, మనుషుల ప్రాణాలు తీశాయి. అయితే తూకం వేయించేదీ, ఆ అంకెకు పూచీ పడేదీ ఎగుమతిదారే. ఆ అంకెను సిస్టమ్‌లోకి ఎక్కించినందుకు కొన్నిచోట్ల మళ్లీ ఆయన దగ్గరే ఫీజు తీసుకుంటున్నారు. బీఎల్ కూడా అంతే. సరుకు అందుకున్నామని లైన్ ఇచ్చే రసీదు, రవాణా ఒప్పందానికి సాక్ష్యం అది. టికెట్ డబ్బులు తీసుకున్న బస్సు కండక్టర్, టికెట్ చించి ఇచ్చినందుకు వేరేగా డబ్బులు అడిగితే ఊరుకుంటామా?

ఇంత జరుగుతున్నా ఎగుమతిదారులు ఎందుకు బేరమాడరు, ఒక లైన్ ఎక్కువ తీసుకుంటే ఇంకో లైన్‌కు ఎందుకు వెళ్లరు అని ఎవరికైనా అనిపించవచ్చు. అసలు చిక్కు అక్కడే ఉంది. మన సరుకులో చాలా భాగం ఎఫ్ఓబీ పద్ధతిలో అమ్ముడవుతుంది. అంటే సరుకును ఓడెక్కించేవరకే అమ్మినవాడి బాధ్యత. సముద్ర రవాణాను విదేశీ కొనుగోలుదారు చూసుకుంటాడు, ఏ లైన్‌లో పంపాలో ఆయనే చెబుతాడు. లైన్లు పోటీ పడేది ఆ కొనుగోలుదారు కోసం. ఫ్రైట్ తగ్గించి ఆయన్ను ఆకట్టుకుంటాయి. ఇక్కడి లోకల్ ఛార్జీలు కట్టేది మాత్రం లైన్‌ను ఎంచుకునే వీలు లేని మన ఎగుమతిదారు. ఎంచుకునేవాడు ఒకడు, చెల్లించేవాడు ఇంకొకడు అయినచోట పోటీ వల్ల ధర తగ్గుతుందని ఆశపడటం దండగ. ప్రపంచ కంటైనర్ ఓడల సామర్థ్యంలో 80 శాతానికి పైగా పది పెద్ద కంపెనీల చేతుల్లోనే ఉంది. విశాఖకు వారంలో వచ్చే సర్వీసులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఛార్జీ అన్యాయమనిపిస్తే కట్టనని మొండికేసే వీలు కూడా లేదు. లోకల్ ఛార్జీలు పూర్తిగా చెల్లించేదాకా లైన్ బీఎల్ చేతికివ్వదు. బీఎల్ లేకపోతే బ్యాంకుకు పత్రాలు వెళ్లవు. లెటర్ ఆఫ్ క్రెడిట్ (కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) మీద అమ్మితే, వేరే గడువు రాసుకోని పక్షంలో, ఓడెక్కిన నాటి నుంచి 21 రోజుల్లోపు పత్రాలు బ్యాంకులో ఇవ్వాలి. కోటి రూపాయల సరుకు డబ్బు ఆ కాగితం మీద ఆధారపడి ఉంటే, పదివేల ఛార్జీ కోసం ఎవరు పంచాయితీ పెట్టుకుంటారు? ముందు కట్టేస్తారు. తర్వాత ఈమెయిళ్లు రాస్తారు. వాపసు వచ్చిన డబ్బు కన్నా తిరిగిన తిరుగుడే ఎక్కువైందని చెప్పేవాళ్లే ఈ రంగంలో ఎక్కువ.

కట్టిన డబ్బు ఎగుమతిదారు దగ్గరే ఆగిపోదు. లెక్క తేలికే. పది టన్నుల సరుకున్న పెట్టె మీద అనుకోకుండా పదివేలు పడితే కిలోకు రూపాయి. ఆ రూపాయిని విదేశీ కొనుగోలుదారు ఇవ్వడు, ధర ముందే ఖాయమైంది కాబట్టి. వచ్చే పట్టుబడిలో రొయ్యల కౌంట్ రేటు (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క మీద కట్టే ధర)లోంచో, గుంటూరు మిర్చి యార్డులో క్వింటాల్ ధరలోంచో దాన్ని తీసుకుంటారు. మిర్చి తేలికైన సరుకు. బరువు పరిమితి ఇంకా చాలా ఉండగానే కంటైనర్‌లో చోటు అయిపోతుంది. చీమకుర్తి గ్రానైట్‌కు దీనికి ఉల్టా, సగం పెట్టె ఖాళీగా ఉన్నా బరువు పరిమితి దాటిపోతుంది. ఛార్జీ మాత్రం పెట్టెకు ఇంతని. అందుకే ప్రతి అదనపు పద్దూ కిలో లెక్కన మిర్చి మీదే ఎక్కువ భారం వేస్తుంది. మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) దించిన రైతుకు రేవులో గ్రౌండ్ రెంట్ అనేది ఒకటుందనే తెలియదు. తన ధరలో దాని కోత మాత్రం ఉంటుంది.

2024-25లో మన దేశం 16.98 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేసి 62,408 కోట్ల రూపాయలు ఆర్జించింది. రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఆ రొయ్యకు పెద్ద మార్కెట్ అమెరికా. 2025 ఆగస్టులో అక్కడ మన సరుకు మీద సుంకం 50 శాతానికి చేరినప్పుడు చెరువు గట్ల మీద ఎంత టెన్షన్ పడ్డారో అందరం చూశాం. ఆ సుంకం మన చేతిలో లేదు. మన గడ్డ మీద, మన రేవులో, మన చట్టాల కింద వసూలయ్యే రుసుములు కూడా మన చేతిలో లేవంటే మాత్రం ఒప్పుకోలేం.

నియంత్రణ ఎక్కడ తప్పిపోయిందో చెప్పుకోవాలి. ప్రధాన రేవుల ధరలను నిర్ణయించడానికి 1997లో ట్యాంప్ అనే సంస్థను పెట్టారు. రేవు గానీ, అందులోని ప్రైవేటు టెర్మినల్ గానీ ఓడ దగ్గర ఎంత తీసుకోవాలో అది చెప్పేది. లైన్ మన ఎగుమతిదారు దగ్గర ఎంత తీసుకోవాలన్నది దాని పరిధిలో లేదు. 2021లో మేజర్ పోర్ట్ అథారిటీస్ చట్టం వచ్చాక ట్యాంప్ కూడా పోయింది, ధరల అధికారం రేవుల బోర్డులకు దక్కింది. ప్రధాన రేవుల లెక్కలోకి రాని కృష్ణపట్నం లాంటివి మొదటి నుంచీ దాని కింద లేవు. ఇన్నేళ్లలో ఎవరూ పూడ్చని ఖాళీ ఒకటే. టెర్మినల్‌కు లైన్ ఎంత కడుతోంది, అదే పని పేరు చెప్పి ఎగుమతిదారు దగ్గర ఎంత వసూలు చేస్తోంది? ఈ రెండంకెలు పక్కపక్కన ఉన్న కాగితం మన ఎగుమతిదారు చేతికి రాదు.

లైన్ల వాదనలో నిజం లేకపోలేదు. మన తీరంలో రీఫర్లకు ఎగుమతి గిరాకీ ఎక్కువ, రీఫర్‌లో వచ్చే దిగుమతి సరుకు తక్కువ. అందుకని ఖాళీ పెట్టెలను ఎక్కడి నుంచో మోసుకురావాలి. దానికి ఖర్చవుతుంది. తుపాను వస్తే ఓడ ఆగడానికి లైన్‌ను తప్పుపట్టలేం. ఎగుమతిదారుల వైపూ తప్పులున్నాయి, చివరి గంటలో పత్రాలిచ్చి గొడవ పడేవాళ్లున్నారు. ఖర్చు నిజమైనదైతే దాన్ని ఫ్రైట్‌లో కలిపి, బుకింగ్ రోజునే మొత్తం చెప్పవచ్చు కదా అన్నదే మా ప్రశ్న. అలా చెబితే అందరి ధరలూ పోల్చి చూడటానికి వీలవుతుంది. ముక్కలు ముక్కలుగా, సరుకు ఎక్కేశాక, బీఎల్ చేతికి రాకముందు చెప్పడం వల్లే ఆ వీలు పోతోంది.

అమెరికా ఈ విషయంలో ఏం చేసిందో మనవాళ్లు చూడాలి. కోవిడ్ కాలంలో రేవుల్లో పేరుకుపోయిన కంటైనర్లకు లైన్లు వేసిన డెమరేజ్ (గడువు దాటి రేవులో ఉన్నందుకు వేసే రుసుము), డిటెన్షన్ల మీద అక్కడి రైతులు, వ్యాపారులు మొత్తుకుంటే, 2022 జూన్‌లో ఓషన్ షిప్పింగ్ రిఫార్మ్ చట్టం తెచ్చారు. దాని కింద ఫెడరల్ మారిటైమ్ కమిషన్ చేసిన బిల్లింగ్ నిబంధనలు 2024 మే 28 నుంచి అమల్లోకి వచ్చాయి. బిల్లు 30 రోజుల్లోపు పంపాలి. ఉచిత రోజులు ఎప్పుడు మొదలయ్యాయి, ఎప్పుడు ముగిశాయి, ఏ నిబంధన ప్రకారం ఈ ఛార్జీ పడింది, అభ్యంతరం ఎవరికి చెప్పాలి అన్నవన్నీ అందులో ఉండాలి. లేకపోతే ఆ బిల్లు కట్టనక్కర్లేదు. మన రొయ్యల కంటైనర్ అవతలి ఒడ్డున దిగాక దాన్ని అందుకున్న వ్యాపారికి ఈ రక్షణ ఉంది. ఇవతలి ఒడ్డున దాన్ని ఎక్కించినవారికి లేదు. అవే లైన్లు, అవే పెట్టెలు.

మన దగ్గరా ఒక చిన్న ఆధారం ఉంది. కస్టమ్స్ అధికారులు ఆపిన సరుకు మీద ఆ కాలానికి రెంట్, డెమరేజ్ వేయకూడదని 2009 నాటి కార్గో నిబంధనల్లోనే రాసుకున్నాం. తప్పు తనది కానప్పుడు సరుకుదారు నష్టపోకూడదన్న నీతి మన చట్టానికి కొత్త కాదు. దాన్ని ఓడ ఆలస్యానికీ వర్తింపజేయాలి. ఓడ రాక వాయిదా పడితే ఉచిత రోజులు ఎవరినీ ప్రాధేయపడనక్కర్లేకుండా వాటంతటవే పెరగాలి. రీఫర్ కరెంటు ఖర్చు ఆ రోజులకు లైన్ భరించాలి. బుకింగ్‌లో చెప్పని ఛార్జీ తర్వాత బిల్లులో కనిపిస్తే అది చెల్లకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, వివాదంలో ఉన్న మొత్తాన్ని ఒక మూడో ఖాతాలో జమ చేస్తే బీఎల్ ఇచ్చి తీరాలన్న నియమం కావాలి. దానితో సగం బెదిరింపు తగ్గిపోతుంది. 2025లో పార్లమెంటు బిల్స్ ఆఫ్ లేడింగ్ చట్టాన్ని, ఓడల, రేవుల చట్టాలను కొత్తగా రాసింది. వాటి కింద నిబంధనల్లో ఈ మాటలు చేర్చడానికి కేంద్ర నౌకాయాన శాఖకు ఇదే సమయం.

రాష్ట్రం ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. 974 కిలోమీటర్లని బడిలో చదువుకున్న ఆంధ్ర తీరం కొత్త కొలతల్లో 1,053 కిలోమీటర్లుగా తేలింది. ఆ తీరం మీద రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట రేవులకు ప్రభుత్వం వేల కోట్లు పెడుతోంది. వాటిని నడిపేవారితో ఒప్పందాలు రాసేది ఏపీ మారిటైమ్ బోర్డు. ఆ ఒప్పందాల్లోనే ప్రతి ఛార్జీ బయటికి ప్రకటించాలనీ, ఆ రేవుకు వచ్చే లైన్లు కూడా తమ లోకల్ ఛార్జీల పట్టిక బోర్డుకు ఇవ్వాలనీ షరతు పెట్టవచ్చు. తర్వాత పెట్టడం చాలా కష్టం. కృష్ణపట్నంలో 2024 మొదట్లో కంటైనర్ సర్వీసులు నిలిచినప్పుడు నెల్లూరు, ప్రకాశం జిల్లాల సరుకు చెన్నై వైపు తిరగాల్సి వచ్చిందని ఎంత గొడవ జరిగిందో గుర్తుంది. అప్పుడు ప్రభుత్వం చేతిలో ఒప్పందం కాగితం తప్ప ఇంకేమీ లేదు.

సొంత రేవు లేని తెలంగాణకు ఈ బాధ ఇంకో మెట్టు ఎక్కువ. సనత్‌నగర్ డిపోలో ఎక్కిన పెట్టె రైలు మీద ఏ రేవుకు వెళ్లినా, డిపోలో ఒకసారి, రేవులో ఒకసారి ఖర్చు పడుతుంది. రైలు ఆలస్యమై ఓడ తప్పితే ఎవరిని అడగాలో కూడా స్పష్టత లేదు. హైదరాబాద్ దగ్గర డ్రైపోర్టు కట్టి బందరుతో కలుపుతామని ఆ ప్రభుత్వం చెబుతోంది. డ్రైపోర్టు ఛార్జీ, రేవు ఛార్జీ కలిపి ఒకే బిల్లుగా ఉండేలా రెండు రాష్ట్రాలూ ఇప్పుడే కూర్చుని రాసుకోవచ్చు.

ముందుగా చేయగలిగిన పని ఒకటుంది, దానికి చట్టం కూడా అక్కర్లేదు. విశాఖకు వచ్చే ప్రతి లైన్ లోకల్ ఛార్జీలను ఒక్కో పద్దుగా, తెలుగులో, ఇంగ్లిష్‌లో పోర్ట్ అథారిటీ తన వెబ్‌సైట్‌లో పక్కపక్కన పెట్టాలి. రొయ్యల ఎగుమతిదారులు, మిర్చి వ్యాపారులు, లైన్లు, టెర్మినల్ ప్రతినిధులను ఒకే గదిలో కూర్చోబెట్టి ఆ పట్టికను పద్దు పద్దుగా చదివించాలి. సంక్రాంతి దాటాక గుంటూరు యార్డుకు కొత్త మిర్చి దిగడం మొదలవుతుంది. ఆ సమావేశం అంతకుముందే జరగాలి.