ఎర్ర డబ్బాలు మింగేస్తున్న టైం ఎవరి లెక్కలోకి వస్తుంది?

మందులు రాయడానికీ, పేషెంట్ వివరాలు ఎక్కించడానికీ కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టాక ఆసుపత్రి పని పరుగులు పెడుతోందని మీటింగుల్లో చెప్తుంటే ఒళ్ళు మండిపోతోంది. వార్డులోకొచ్చి ఒక్క నైట్ డ్యూటీ చూసి మాట్లాడండి.

గుండెకి స్టెంట్ వేసిన పేషెంట్‌కి రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపి ఇవ్వడం మామూలు వైద్యమే. ఆ రెండూ రాసిన ప్రతిసారీ ‘రక్తస్రావం ప్రమాదం’ అంటూ స్క్రీన్ మీద ఎర్ర డబ్బా. కారణం టైప్ చేస్తేనే ఆర్డర్ ముందుకెళ్తుంది. డ్యూటీ డాక్టర్ చదవకుండానే ఒక చుక్క పెట్టి ఎంటర్ కొట్టేస్తాడు. పొద్దస్తమానం ఇదే. ఇలా అలవాటుపడిన చెయ్యి, పెన్సిలిన్ పడని మనిషికి అదే జాతి మందైన అమాక్సిసిలిన్ రాసినప్పుడు వచ్చే హెచ్చరికని కూడా అలాగే కొట్టేస్తుంది. నా భయమంతా అదే.

ఈ గోడు మా ఒక్కరిదే కాదు. మందుల హెచ్చరికల్లో 49 నుంచి 96 శాతం దాకా పక్కన పెట్టేస్తున్నారని 2006లోనే ఒక పరిశోధన సమీక్ష తేల్చింది. అమెరికాలో ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఎపిక్ కంపెనీ, సెప్సిస్‌ని (ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికొచ్చే స్థితిని) ముందే పసిగట్టడానికి చేసిన కంప్యూటర్ మోడల్‌ని మిషిగన్ యూనివర్సిటీ వాళ్ళు పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. సెప్సిస్ వచ్చిన ప్రతి ముగ్గురిలో ఇద్దరిని అది పసిగట్టలేదు. పైగా అడ్మిషన్లలో 18 శాతానికి అలర్ట్ ఇచ్చింది. ఆ అలర్ట్‌లకి పరుగెత్తాల్సింది ఎవరు?

కంప్యూటరే వద్దని నేననను. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్‌లో మందుల ఆర్డర్లు కంప్యూటర్లోకి మారాక, ఎవరి కంటా పడకుండా పేషెంట్ దాకా వెళ్ళే తీవ్రమైన పొరపాట్లు సగానికి పైగా తగ్గాయని 1998లోనే రాశారు. చేతిరాత అర్థంకాక ఫార్మసీ వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేసే రోజులు మళ్ళీ రావాలని ఎవరు కోరుకుంటారు?

కానీ మన దగ్గర బీపీ, పల్స్ కేస్ షీట్‌లో ఒకసారి, సిస్టమ్‌లో ఇంకోసారి ఎక్కించాలి. "సిస్టర్, సెలైన్ అయిపోయింది, ఒక్కసారి రామ్మా" అని అటెండెంట్ పిలుస్తుంటే, ఆ అమ్మాయి స్క్రీన్ ముందు నుంచి లేవలేదు. డిశ్చార్జ్ ఎంత త్వరగా అయిందో లెక్కపెట్టేవాళ్ళు ఇలా స్క్రీన్ ముందు పోయే టైంని ఎందుకు లెక్కపెట్టరు?

ఏ హెచ్చరికని ఎన్నిసార్లు కొట్టేశామో ఆ సిస్టమ్‌లోనే రికార్డవుతుంది. నెలకోసారి అది బయటికి తీయండి. ఫార్మసిస్టునీ, వార్డు నర్సునీ పక్కన కూర్చోబెట్టుకుని పనికిరానివి ఆపేయండి. కొత్త టూల్ కొనే ముందు కంపెనీవాళ్ళ డెమోకి మమ్మల్ని కూడా పిలవండి.